సోలో అయింది, క్రాస్ కంట్రీకి ఎలా సిద్ధం కావాలి? (గ్లైడర్, టెక్సస్)

నూలుపోగు

నమస్తే అండీ. డాలస్‌కి దక్షిణాన ఒక క్లబ్బులో ఏఎస్‌కే-21 (రెండు సీట్ల గ్లైడర్) మీద సోలో, అంటే ఒంటరిగా, ఎగురుతున్నాను. ప్రైవేట్ గ్లైడర్ రాతపరీక్ష అయింది, చెక్‌రైడ్ (లైసెన్సుకి ఎగిరి చూపించే పరీక్ష) మిగిలింది. 2,000 అడుగుల్లో టో (పైకి లాక్కెళ్లే విమానం తాడు) వదిలేశాక, ఎండ బాగా కాసిన రోజున గంట పైనే పైన నిలబడగలుగుతున్నాను. కాకపోతే అదంతా రన్‌వే కనిపించేంత దూరంలోనే. ఈ వేసవిలో క్రాస్ కంట్రీ, అంటే ఎయిర్‌పోర్ట్ వదిలి దూరం వెళ్లడం, మొదలుపెట్టి సిల్వర్ బ్యాడ్జికి (గ్లైడర్ పైలట్ల గుర్తింపు బ్యాడ్జి) కావలసిన 50 కిలోమీటర్లు చెయ్యాలని ఉంది.

చెక్‌రైడ్ అయ్యాకే మొదలుపెట్టాలా, ఇప్పుడే ఇన్‌స్ట్రక్టర్ సంతకంతో వెళ్లొచ్చా? ఫలానా ఎయిర్‌పోర్ట్‌కి చేరతాను అని నమ్మాలంటే ఎంత ఎత్తు ఉండాలి? క్లబ్బులో ఎవర్ని అడిగితే వాళ్లో అంకె చెబుతున్నారు. పొలంలో దిగడం ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి? నోటితో చెప్పేవాళ్లే గానీ చేయించేవాళ్లు కనపడటం లేదు. ఇంకొకటి, మా క్లబ్బులో ఉన్న సింగిల్ సీటర్లలో ష్వైజర్ 1-26 ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఎల్‌ఎస్4 దొరకాలంటే క్యూ. 1-26 వేసుకుని క్రాస్ కంట్రీకి బయల్దేరితే నవ్వుతారా?

ఎనిమిది_నాట్లు

ముందు చెక్‌రైడ్ అవ్వనివ్వండి. స్టూడెంట్‌గా ఉన్నంతకాలం క్రాస్ కంట్రీ సోలోకి ఇన్‌స్ట్రక్టర్ మీ ప్లాన్ చూసి సంతకం పెట్టాలి. బయల్దేరిన చోటు నుంచి 25 నాటికల్ మైళ్లు దాటితే ఎక్కడా దిగకపోయినా అదే రూలు. ఇంజన్ విమానానికి అది సరిపోతుంది గానీ గ్లైడర్‌కి కుదరదు. పొద్దున వేసిన ప్లాన్ మధ్యాహ్నం మేఘాలు చూశాక మారిపోతుంది. సంతకం తూర్పుకి ఉంటుంది, లిఫ్ట్ (పైకి లేచే గాలి) పడమట ఉంటుంది. చెక్‌రైడ్ అయిపోతే ఆ తలనొప్పి ఉండదు, సింగిల్ సీటర్ కూడా చేతికొస్తుంది.

ఈలోగా ఎస్‌ఎస్‌ఏ (అమెరికా గ్లైడింగ్ సంఘం) బ్రాంజ్ బ్యాడ్జి పని పెట్టుకోండి. రెండేసి గంటల ఫ్లైట్లు రెండు, ఇన్‌స్ట్రక్టర్ చూస్తుండగా చెప్పిన చోట దిగే సోలో ల్యాండింగులు మూడు, ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఆల్టీమీటర్ చూడకుండా దిగేవి రెండు, 80 శాతం రావాల్సిన రాతపరీక్ష. బ్యాడ్జి రేకు సంగతి వదిలెయ్యండి, ఆ జాబితాలో ఉన్నవే మీకు కావలసిన పనులు.

"గంట నిలబడగలుగుతున్నాను" అన్నారు. నిలబడటం వేరు, ఎక్కడం వేరు. లోకల్‌లో 1 నాట్ (నిమిషానికి సుమారు 100 అడుగులు) ఎక్కించే థర్మల్ (వేడెక్కి పైకి లేచే గాలి) పట్టుకుని సాయంత్రం దాకా తిరిగినా గడిచిపోతుంది, ఊరు దాటి వెళ్లేవాడికి అది చాలదు. తర్వాతి ఫ్లైట్‌లో ఒక పని చెయ్యండి. థర్మల్‌లో పూర్తి చుట్టు ఒకటి తిరగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో గడియారం పెట్టి చూడండి. 48 నాట్ల దగ్గర 40 డిగ్రీల బ్యాంక్ (రెక్కల వంపు) వేస్తే చుట్టుకి సుమారు 19 సెకన్లు, వ్యాసార్ధం 75 మీటర్లు. 30 డిగ్రీలే వేస్తే 27 సెకన్లు, 108 మీటర్లు. సోలో కొత్తలో అందరూ 40 వేశామనుకుంటూ 28 దగ్గర ఉంటారు. థర్మల్ గుండె దగ్గర లిఫ్ట్ బలంగా ఉంటుంది, అంచుకి వచ్చేసరికి పడిపోతుంది. ఆ 33 మీటర్ల తేడాలోనే 4 నాట్లు కాస్తా 2 అవుతాయి. బ్యాంక్‌తో పాటు స్టాల్ వేగం (దానికంటే తగ్గితే రెక్క మోయదు) కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి, 40 డిగ్రీల దగ్గర అది సుమారు 14 శాతం.

వేరియో (ఎక్కే, దిగే వేగం చూపించే మీటర్) సూది ఒక్క క్షణం 6 చూపించిందని మురిసిపోవద్దు. 30 సెకన్ల యావరేజర్ ఏం చెబుతోందో అదీ మీ ఎక్కుడు. ఇంటికెళ్లాక ఐజీసీ ఫైలు (రికార్డర్ రాసుకున్న ఫ్లైట్ దారి) తెరిచి రెండే చూడండి: మొత్తం టైములో ఎంత శాతం చుట్లలో పోయింది, ప్రతి థర్మల్ అడుగు నుంచి పైదాకా సగటు ఎంత. థర్మల్‌లోకి వెళ్లాక నాలుగైదు చుట్లు సెంటర్ వెతకడానికే పోతుంటే ఇంకా లోకల్‌లోనే పని ఉందన్నమాట.

ఆ తర్వాత చిన్న త్రిభుజాలు. ఎయిర్‌పోర్ట్ నుంచి మూడు దిక్కుల్లో, ఒక్కోటి 5 నాటికల్ మైళ్ల లోపు, మూడు గుర్తులు పెట్టుకోండి. నీళ్ల ట్యాంకు, హైవే కూడలి, చెరువు గట్టు, ఏదైనా సరే. వాటి చుట్టూ రెండు మూడు రౌండ్లు కొట్టండి. ఎక్కడున్నా ఇల్లు గ్లైడ్‌లోనే (జారుతూ చేరేంత దూరంలోనే) ఉంటుంది, కానీ చేసే పని అసలు క్రాస్ కంట్రీయే. థర్మల్ ఎప్పుడు వదలాలి, ఏ మేఘం కిందికి వెళ్లాలి, సింక్‌లో (కిందికి దిగే గాలిలో) ఎంత వేగంగా తొయ్యాలి, అన్నీ అక్కడే తెలుస్తాయి. లోకల్ సోలో నుంచి క్రాస్ కంట్రీకి మధ్య మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా 50 కిలోమీటర్లు అంటారు, అందుకే 20 దగ్గరే దిగిపోతారు.

1-26 గురించి: నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. గ్లైడ్ 23:1 (ఒక అడుగు దిగేలోపు 23 అడుగులు ముందుకి) మాత్రమే, ఎదురుగాలిలో కష్టం. కానీ బలం తక్కువున్న థర్మల్‌లో కూడా ఎక్కేస్తుంది, నెమ్మదిగా దిగుతుంది, కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. గాలి వాలుకి 50 కిలోమీటర్లు వెళ్లడానికి చక్కటి బండి. ఎల్‌ఎస్4 అయితే 40:1, చక్రం ముడుచుకుంటుంది, ఫైనల్‌లో (దిగే ముందు చివరి నేరు దారిలో) వేగం కాస్త ఎక్కువైతే నేల మీద తేలుతూ పోతుంది. దాన్ని ఇంటి రన్‌వే మీద చేతికి బాగా అలవాటు చేసుకోకుండా పొలంలోకి తీసుకెళ్లొద్దు.

లెక్కల_మాస్టారు

ఎత్తు లెక్క చెబుతాను. ఒక్కొక్కరు ఒక్కో అంకె ఎందుకు చెబుతారంటే, ఒక్కొక్కరు ఒక్కో గ్లైడర్‌ని, ఒక్కో గాలిని మనసులో పెట్టుకుని చెబుతారు.

ఏఎస్‌కే-21 పుస్తకంలో గ్లైడ్ 34:1. అందులో సగం తీసుకోండి, 17:1. ఈ సగం భయం కొద్దీ వేసింది కాదు. థర్మల్ పక్కన సింక్ ఉంటుంది, రెక్క మీద పురుగులు అంటుకుంటాయి, మనం పట్టే వేగం కూడా పుస్తకంలోది కాదు. నాటికల్ మైలు 6,076 అడుగులు. 17తో భాగిస్తే మైలుకి 357 అడుగులు. దీనికి చేరాక ప్యాటర్న్‌కి (దిగే ముందు రన్‌వే పక్కగా తిరిగే దారికి) 1,000 అడుగులు కలపండి. 10 మైళ్ల అవతల ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలంటే 3,570 + 1,000, అంటే నేల నుంచి 4,570 అడుగులు. 1-26 అయితే సగం 11.5, మైలుకి 528. అదే 10 మైళ్లకి 6,280 కావాలి. మీ క్లబ్బులో రెండు అంకెలు ఎందుకు వినిపించాయో అర్థమైందా?

ఇదంతా గాలి లేనప్పుడు. 55 నాట్ల వేగానికి 15 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద 40 నాట్లే. 17:1 కాస్తా 12.4:1 అయిపోతుంది, మైలుకి 490 అడుగులు. 10 మైళ్లకి ప్యాటర్న్‌తో కలిపి 5,900. ఆ రోజు మేఘం అడుగు భాగం 5,500 అడుగుల్లో ఉంటే ఆ ఎయిర్‌పోర్ట్ మీకు లేనట్టే. ఇంటికి తిరిగొచ్చే దారి ఎదురుగాలికి ఉంటే ఈ లెక్క బయల్దేరక ముందే వెయ్యాలి.

మేఘం అడుగు ఎక్కడుంటుందో అంచనా: ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ (తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) తీసేసి, సెల్సియస్‌లో అయితే 400తో గుణించండి. అవి 34, 20 అయితే తేడా 14, మేఘం అడుగు సుమారు 5,600 అడుగులు. మెక్సికో అఖాతం తేమ ఎక్కువగా తోసుకొచ్చిన రోజున అది 3,500కి దిగిపోతుంది. మేఘాలు అందంగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటిని చూసి కొత్తవాళ్లు అలాంటి రోజే బయల్దేరతారు. ఎత్తు లేదు కాబట్టి తప్పుకి చోటు కూడా ఉండదు.

సెక్షనల్ చార్ట్ (పైలట్ల మ్యాప్) మీద ఒక్కో ఎయిర్‌పోర్ట్ చుట్టూ 5, 10, 15 మైళ్ల వృత్తాలు గీసి, ప్రతి వృత్తం మీద కావలసిన ఎత్తు రాసుకోండి. రాసేటప్పుడు ఆ ఎయిర్‌పోర్ట్ ఎలివేషన్ కలిపి, ఆల్టీమీటర్ మీద కనిపించే అంకెగా రాయండి. సముద్రమట్టం నుంచి 4,570 ఉందని సంబరపడి, నేల 700 అడుగులు ఉందని మర్చిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఎక్స్‌సీసోర్ యాప్ ఉచితం, ఫోన్‌లోనే వస్తుంది, ఈ లెక్కలన్నీ చేసి పెడుతుంది. కానీ మీరు అందులో ఏ గ్లైడర్ పోలార్ (ఏ వేగానికి ఎంత దిగుతుందో చెప్పే లెక్క) పెట్టారు, గాలి ఎంతని పెట్టారు, చేరేటప్పుడు ఎంత మిగలాలని పెట్టారు, ఈ మూడు తప్పైతే అంకె ఎంత అందంగా కనిపించినా అబద్ధమే. చార్ట్ మీది వృత్తం దానికి సాక్షి.

మొదటి రూట్‌ని ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి గొలుసులా వేసుకోండి. మీ వైపు హిల్స్‌బోరో, కోర్సికానా, క్లీబర్న్ ఉన్నాయి. ఒకటి గ్లైడ్‌లోకి వచ్చాకే వెనకది వదలాలి. మెకానికల్‌గా అనిపిస్తుంది గానీ మొదటి నాలుగైదు ఫ్లైట్లకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఉత్తరానికి డాలస్ క్లాస్ బి (అనుమతి లేనిదే వెళ్లకూడని రద్దీ గగనతలం) ఉంది, ఆ దిక్కు ఆలోచించకండి. ఆర్లింగ్టన్‌లో మ్యాచ్ ఉన్న రోజున స్టేడియం చుట్టూ 3 నాటికల్ మైళ్లు, 3,000 అడుగుల దాకా మూసేస్తారు, అదీ చూసుకోవాలి.

పొలంగట్టు

పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ గొలుసు ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. పొలంలో దిగడం రాని వాళ్లు క్రాస్ కంట్రీలో చేసే పని ఏంటంటే, 700 అడుగుల్లో ఇంకో చుట్టు తిరిగి చూద్దాం అనుకోవడం. ప్రమాదం పొలంలో లేదు, ఆ చుట్టులో ఉంది. కిందికి వచ్చేకొద్దీ కళ్లు నేల మీద ఉంటాయి, వేగం తెలియకుండా తగ్గుతుంది. తిరగడం చాలడం లేదని రడ్డర్ (తోక చుక్కాని) ఎక్కువ తొక్కుతారు, అద్దం మీద గాలి దిక్కు చూపించే నూలుపోగు పక్కకి పోతుంది, స్పిన్ (గిర్రున తిరుగుతూ పడిపోవడం) అవుతుంది. అంత ఎత్తులో అందులోంచి బయటికి రావడానికి చోటు లేదు. (మీ యూజర్‌నేమ్ బాగుందండీ, దాన్నే చూస్తూ ఉండండి.)

కాబట్టి ఎత్తుల ప్రకారం పని. నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు, ముందున్న ప్రాంతంలో దిగడానికి వీలుందా లేదా అని మాత్రం చూస్తారు. చెట్లు, ఇళ్లు, సరస్సు ఉంటే దారి మారుస్తారు. 2,000లో రెండు మూడు పొలాలు కంటికి ఆనాలి. 1,500లో ఒక్కటి ఖాయం చేసి, ఏ వైపు నుంచి దిగాలో నిర్ణయించుకుని, డౌన్‌విండ్ (పొలానికి సమాంతరంగా గాలి వెంట వెళ్లే దారి) మొదలయ్యే చోటుకి వెళ్తూ ఉంటారు. ఆ దారిలో థర్మల్ తగిలితే తీసుకోవచ్చు. 1,000 అడుగులకి వచ్చాక వేరియో ఎంత కూసినా థర్మల్ లేదు, ప్యాటర్న్ ఒక్కటే. ఈ మాట ముందే మనసులో ఖాయం చేసుకుని ఎక్కాలి, అక్కడికి వెళ్లాక ఆలోచించే విషయం కాదు.

పొలం ఎంచుకోవడంలో గాలి దిక్కు మొదట. పొగ, చెరువు మీద అలలు, మేఘం నీడ కదిలే దిక్కు, లేదా మీరు తిరిగిన చుట్లు ఏ వైపుకి కొట్టుకుపోయాయో చూడండి. పొడవు: అడ్డం లేకుండా 1,000 అడుగులు ఉండాలి. దిగే వైపు చెట్లుంటే వాటి ఎత్తుకి పది రెట్లు పొడవులోంచి తీసెయ్యాలి. 50 అడుగుల చెట్ల వరుస 500 అడుగులు మింగేస్తుంది. వాలు: పైనుంచి చూసి వాలు తెలుస్తోందంటే అది చాలా ఎక్కువ వాలు. ఎగువకి దిగండి, గాలి వెనక నుంచి ఉన్నా సరే. అడ్డంగా మాత్రం వద్దు.

తీగలు పైనుంచి కనపడవు, స్తంభాలు కనపడతాయి. ఇల్లు ఉందంటే రోడ్డు నుంచి దానికి కరెంటు తీగ ఉంటుంది, ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేదాకా ఆ ఇంటి పక్క పొలం వద్దు. ముళ్లకంచె అసలే కనపడదు. కానీ ఒకే పొలంలో రంగు గీత గీసినట్టు మారిందంటే అక్కడ కంచె ఉందనే అనుకోండి. ఆవులున్న పొలం అంటే కంచె, గుంతలు, ఆవులు మూడూ ఉన్నాయని.

పంట: మీ వైపు మే చివర, జూన్‌లో గోధుమ కోసేస్తారు. ఆ మోళ్ల చేను బంగారం లాంటిది. మొక్కజొన్న, పత్తి మోకాలు దాటి పెరిగితే వద్దు. రెక్క కొన పైరుకి తగిలితే గ్లైడర్ గిర్రున తిరిగి, తోక దగ్గర విరుగుతుంది. దుక్కి దున్నిన పొలమైతే చాళ్ల వెంట దిగాలి, అడ్డంగా కాదు. గడ్డి కోసి గుండ్రటి కట్టలు వేసిన పొలం పైనుంచి నున్నగా కనిపిస్తుంది, కట్టల మధ్య రెక్కలు పట్టేంత దారి ఉందా లేదా చూసుకోండి. ఏఎస్‌కే-21 రెక్కలు 17 మీటర్లు.

దిగేటప్పుడు ఎయిర్‌స్పీడ్ మీటర్ మీది పసుపు త్రికోణం వేగం, దానికి ఎదురుగాలిలో సగం కలపండి. గస్ట్‌లు ఉంటే ఇంకాస్త. పొలంలో అందరికీ జరిగేది, ప్యాటర్న్ ఇరుగ్గా వెయ్యడం. తెలియని చోటు, చిన్న పొలం, అది జారిపోతుందేమోనని దగ్గరికి లాక్కుంటారు. బేస్ లెగ్ (ఫైనల్‌కి ముందు అడ్డంగా వెళ్లే దారి) మాయమవుతుంది, ఫైనల్‌కి ఎత్తు ఎక్కువై పొలం దాటి పోతారు. ఇంట్లో డౌన్‌విండ్ నుంచి రన్‌వే ఏ కోణంలో కనిపిస్తుందో, ఇక్కడా పొలం అదే కోణంలో కనపడాలి. ఆల్టీమీటర్ పనికిరాదు, ఆ పొలం ఎత్తు మీకు తెలియదు. అందుకే బ్రాంజ్‌లో ఆల్టీమీటర్ లేకుండా దిగమన్నారు.

ప్రాక్టీస్ ఎలా అంటే, ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని ఆల్టీమీటర్‌కి కాగితం అంటించండి. రోజూ ఎడమ ప్యాటర్న్ అయితే, ట్రాఫిక్ లేనప్పుడు అందరికీ రేడియోలో చెప్పి కుడి ప్యాటర్న్ వెయ్యండి. రన్‌వే పక్క గడ్డిలో రెండు కోన్లు పెట్టి వాటి మధ్య తాకి, ఆపమన్న చోట ఆపండి. అనుకున్న చోట ఒక్కసారి దిగడం గొప్ప కాదు, గాలి మారిన రోజున కూడా దిగాలి.

ఖర్చు లేని పని ఇంకొకటి: రూట్ వెంట కారేసుకుని వెళ్లి పొలాలు చూడండి. పైనుంచి పచ్చగా కనిపించింది దగ్గరికెళ్తే మోకాలెత్తు పైరా, పచ్చికా, ఎక్కడెక్కడ కల్వర్టులున్నాయి, గేట్లు ఏ రోడ్డు వైపున్నాయి. ఒక ఆదివారం ఇలా తిరిగితే పైనుంచి చూసే కన్ను మారిపోతుంది.

చలిమేఘం

ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ క్రాస్ కంట్రీ ఎండార్స్‌మెంట్‌లో పొలం ఎంచుకోవడం, దిగడం, నావిగేషన్ భాగమే. ఎక్కువగా టూరింగ్ మోటర్ గ్లైడర్‌లో చేయిస్తారు. ఇంజన్ తగ్గించి పొలం ఎంచుకుని, ప్యాటర్న్ వేసి, దిగిపోతాం అనగా ఇంజన్ పెంచి లేచిపోతారు. గంటలో అరడజను పొలాలు అయిపోతాయి. అమెరికాలో మోటర్ గ్లైడర్ దొరకడం కష్టమైతే, పవర్ ఇన్‌స్ట్రక్టర్‌తో సెస్నాలో 2,000 అడుగుల్లో వెళ్లి పొలం ఎంచుకునే భాగం వరకు చెయ్యండి. ఎంచుకున్న పొలం మీదికి ఇంకాస్త కిందికి వెళ్లి చూస్తే, పైనుంచి కనపడనివి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఎంత కిందికి వెళ్లొచ్చనేది ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటారు.

పొలంగట్టు గారి అంకెలతో ఒక్క చోట తేడా. కొత్తవాళ్లకి 1,500 దగ్గర "థర్మల్ తగిలితే తీసుకోవచ్చు" అనేది నాకు నచ్చదు. తీసుకుంటారు, గాలితో పాటు కొట్టుకుపోతారు, రెండు చుట్లకి పొలం గ్లైడ్‌లో ఉండదు. మొదటి సీజన్‌కి 1,500 అడుగులే ఆఖరు అనుకోండి. టెక్సస్‌లో మేఘం 5,500 ఉంటుంది కాబట్టి ఆ 500 అడుగులు వదులుకున్నా నష్టం లేదు. ఇక్కడ 3,500 అడుగుల మేఘం కింద ఎగిరేవాళ్లకి ఆ సౌకర్యం లేదు!

కాండోర్ సిమ్యులేటర్ మీద చలికాలమంతా ఎగరండి. మేఘం నుంచి మేఘానికి వెళ్లడం, ఫైనల్ గ్లైడ్ (చివరికి జారుతూ గమ్యం చేరడం) లెక్క, చివరి థర్మల్ ఎప్పుడు వదలాలి, ఇవి బాగా వస్తాయి. పొలం నేల ఎలా ఉంటుందో మాత్రం అది నేర్పదు.

ఎనిమిది_నాట్లు

1,500 మాట ఒప్పుకుంటాను.

మేఘాల గురించి ఒక మాట. రెండు థర్మల్స్ మధ్య దూరం సుమారుగా మేఘం అడుగుకి రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. 5,500 అడుగుల రోజున రెండున్నర నాటికల్ మైళ్లు అనుకోండి. మధ్యలో సింక్ కలుపుకుని ఏఎస్‌కే-21 సుమారు 1,000 అడుగులు పోగొట్టుకుంటుంది. అంటే మేఘం అడుగు దగ్గర వదిలేస్తే రెండు మూడు మేఘాలు చూసుకునే వెసులుబాటు ఉంది. 3,000లో వదిలేస్తే ఒక్కటే. అందుకే మొదటి ఫ్లైట్లలో వేగం గొడవ వద్దు. మెక్‌క్రెడీ రింగ్ (ఎంత వేగంగా వెళ్లాలో చెప్పే, వేరియో చుట్టూ ఉండే వలయం) 1 లేదా 2 మీద పెట్టి, నేలకీ మేఘానికీ మధ్య పై సగంలోనే ఉండండి. పాల్ మెక్‌క్రెడీ 1956లో ప్రపంచ ఛాంపియన్ అయిన లెక్క అది, తర్వాత మీకూ ఉపయోగపడుతుంది, ఇప్పుడు తొందరలేదు.

పెద్ద మేఘం వెనక పడొద్దు. మీరు చేరేసరికి అది చచ్చిపోయి ఉంటుంది. అడుగు నల్లగా, చదునుగా, అంచులు గట్టిగా ఉంటే బతికుంది. అడుగు పీలికలై, అంచులు కరిగినట్టు ఉంటే వెళ్లొద్దు. అప్పుడే పుడుతున్న దూది పీచు లాంటి మేఘం మీరు చేరే వేళకి మంచి వయసులో ఉంటుంది. 1,000 అడుగులు పోయినా చిన్న కుదుపు కూడా తగల్లేదంటే అదే దారిలో పోతూ ఉండకండి, 30 డిగ్రీలు పక్కకి తిప్పండి. సింక్ వరుసల్లో కూడా ఉంటుంది, దాని వెంటే పోతున్నారేమో.

నూలుపోగు

చాలా థాంక్స్ అండీ అందరికీ. చార్ట్ మీద వృత్తాలు ఈ వారమే గీస్తాను. రెండు డౌట్లు. 50 కిలోమీటర్లకి 2,000 అడుగుల టో పనికిరాదని ఎవరో అన్నారు, నిజమా? రెండోది, ట్రైలర్, క్రూ (పొలంలో దిగితే గ్లైడర్‌ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు) సంగతి. నా ఎస్‌యూవీకి ట్రైలర్ తగిలించే బాల్ 2 ఇంచీలది ఉంది, అది చాలా? క్లబ్ ట్రైలర్లు రెండు యూరప్‌వి, ఒకటి ఇక్కడిదే.

లెక్కల_మాస్టారు

నిజమే, సగం. 100 కిలోమీటర్ల లోపు దూరానికి ఒక శాతం రూలు ఉంది. టో వదిలిన ఎత్తుకీ ముగించిన చోటు ఎత్తుకీ తేడా, వెళ్లిన దూరంలో ఒక శాతం దాటకూడదు. 50 కిలోమీటర్లకి 500 మీటర్లు, అంటే 1,640 అడుగులు. 2,000 అడుగులు 610 మీటర్లు కాబట్టి, రెండు చోట్లా నేల ఒకే ఎత్తులో ఉంటే కనీసం 61 కిలోమీటర్లు వెళ్లాలి. దిగే చోటు నేల మీ ఎయిర్‌పోర్ట్ కంటే పల్లంగా ఉంటే ఇంకా ఎక్కువ. టో 1,500లో వదలమని కొందరు అంటారు, మొదటిసారికి నేను అలా చెప్పను. 2,000లోనే వదలండి, 65 దాటిన గమ్యం పెట్టుకోండి.

రికార్డర్ టేకాఫ్‌కి ముందే ఆన్ చేసి, శాటిలైట్ పట్టిందో లేదో చూడండి. అఫీషియల్ అబ్జర్వర్‌తో (బ్యాడ్జి ఫ్లైట్‌కి సాక్షిగా ఉండేవారితో) ముందు రోజే మాట్లాడుకోండి. ఫ్లైట్ అయ్యాక వెతకడం మొదలుపెడితే క్లెయిము పోతుంది. సిల్వర్‌లో మిగతా రెండు, 1,000 మీటర్ల ఎక్కుడు, 5 గంటలు, వేరే రోజుల్లో చేసుకోవచ్చు. ఎక్కుడు అంటే టో వదిలాక మీరు తగ్గిన అన్నిటికంటే కింది ఎత్తు నుంచి 3,281 అడుగులు. మంచి రోజున 50 కిలోమీటర్లలోనే అదీ వచ్చేస్తుంది. 5 గంటలకి మాత్రం నీళ్లు, మూత్రం సంగతి ముందే చూసుకోండి. మూత్రానికి భయపడి నీళ్లు మానేస్తే నాలుగో గంటకి బుర్ర మందగిస్తుంది, అదే మీరు పొలం ఎంచుకోవలసిన టైము.

పొలంగట్టు

బాల్ సంగతి జాగ్రత్త. యూరప్ ట్రైలర్ కప్లర్ (బాల్ మీద కూర్చునే భాగం) 50 మిల్లీమీటర్ల బాల్‌కి చేస్తారు. మీ 2 ఇంచీలు 50.8 మిల్లీమీటర్లు. ఒక్కోసారి పైన కూర్చున్నట్టే ఉంటుంది, లాక్ పూర్తిగా పడదు. 1-7/8 వేస్తే 47.6, అది గుంతలో ఎగిరి ఊడిపోతుంది. 50 మిల్లీమీటర్ల బాల్ విడిగా అమ్ముతారు, ఒకటి కొని ట్రైలర్ పెట్టెలో పడెయ్యండి. లాక్ సూచిక చూసి, జాకీ చక్రం తిప్పి ముక్కు పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తేనే పట్టినట్టు. లైట్ల ప్లగ్ కూడా, ఫ్లాట్ నాలుగు పిన్నులదా, గుండ్రటి ఏడు పిన్నులదా చూసుకుని అడాప్టర్ పెట్టుకోండి. టైర్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటితే మార్పించండి. క్లబ్ ట్రైలర్ ఏడాదంతా ఎండలో నిలబడే ఉంటుంది, రబ్బరు పగిలి ఉంటుంది.

దిగిన వెంటనే ఫోన్ రెండు. ఒకటి క్రూకి, మ్యాప్‌లో పిన్‌తో. రెండోది ఆ కౌంటీ షెరిఫ్ ఆఫీసు నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి: ఇది గ్లైడర్, ఇంజన్ ఉండదు, మామూలుగానే దిగాను, ఎవరికీ ఏమీ కాలేదు, ప్రమాదం కాదు అని చెప్పండి. రోడ్డు మీద పోయేవాళ్లు విమానం కూలిందని 911కి చేసేస్తారు, అంబులెన్స్, ఫైర్ ఇంజన్ పంటలోంచి దూసుకొస్తాయి. ఆ నష్టం మీ నెత్తిన పడుతుంది. రైతు వచ్చేదాకా గేటు తీయొద్దు, తీస్తే మళ్లీ ఎలా ఉందో అలా వెయ్యండి.

గ్లైడర్‌ని విప్పేటప్పుడు కంగారు వద్దు, తిరిగి బిగించాక మాత్రం పాజిటివ్ కంట్రోల్ చెక్ తప్పనిసరి. ఒకరు స్టిక్ పట్టుకుంటే ఇంకొకరు రెక్క, తోక మీద కదిలే ఒక్కో సర్ఫేస్‌ని గట్టిగా పట్టుకుని ఆపాలి. ఏఎస్‌కే-21లో ఎల్‌హోటెలియర్ కనెక్టర్లకి (కంట్రోల్ కడ్డీలని కలిపే జాయింట్లకి) సేఫ్టీ పిన్నులు ఉన్నాయో లేదో కళ్లతో కాదు, వేలు పెట్టి చూడండి.

ఇంకొకటి మీ ప్రాంతానికే. అక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడి జాతే. ముందు రోజు రాత్రి వాన పడి ఉంటే, పైపొర ఆరినట్టు కనిపించినా, బండి దింపితే చక్రాలకి ముద్దలు కట్టి ఇరుసు దాకా దిగబడుతుంది. ట్రైలర్‌ని రోడ్డు గట్టు మీదే ఆపి, రెక్కలు, ఫ్యూజిలాజ్ మోసుకెళ్లండి. 1-26కి ఇద్దరు ముగ్గురు చాలు. ఏఎస్‌కే-21 రెక్కకి నలుగురు ఉంటే మేలు, అంతమంది లేకపోతే మట్టి ఆరేదాకా ఆగి, గ్లైడర్‌ని కట్టేసి మర్నాడు రండి.